ఉపవాసం అంటే నమ్ముతారు, అలర్జీ అంటే నమ్మరు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే పత్రికల్లో వంటల పేజీ నిండా కేకులే. ప్లమ్ కేక్, గుడ్డు లేని కేక్, కుక్కర్ కేక్, ఈ మధ్య రాగి కేక్ కూడా. నేనూ కత్తిరించి దాచుకుంటాను, ఒకటో రెండో చేస్తాను. కానీ క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలు మా ఇళ్ళలో ఏం వండుకుంటామో ఎవరూ రాయగా చూడలేదు. ఆ రోజుల్ని కతోలికులం ఆగమన కాలం అంటాం. ఈసారి, అంటే 2025లో, నవంబర్ 30 ఆదివారం మొదలై క్రిస్మస్ ముందురోజు దాకా సరిగ్గా ఇరవై అయిదు రోజులు. ఏడాది మొత్తం మీద వంటింట్లో నాకు టెన్షన్ పెట్టేవి ఆ ఇరవై అయిదు రోజులే. ఎందుకో చెప్పుకుంటాను, చివర్లో రెండు మూడు విన్నపాలున్నాయి.

మాది గుంటూరు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో ఆరుగురం. మా అత్తయ్యకి 82 ఏళ్ళు. ఆగమన కాలంలో బుధ, శుక్రవారాలు ఒక్కపొద్దు ఉంటారు. అలా ఉండాలని ఇప్పుడు మాకు నియమమేమీ లేదు. 1983 నాటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం తప్పనిసరి ఉపవాసాలు ఏడాదికి రెండే, విభూది బుధవారం (యాష్ వెన్స్‌డే), మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే). అవైనా పద్ధెనిమిది నిండినవాళ్ళకే, అరవయ్యో ఏడు వచ్చేదాకానే. ఆ లెక్కన అత్తయ్యకి ఎప్పుడో మినహాయింపు వచ్చేసింది. చెప్తే వినరు. "మా అమ్మ ఉండేది, నేనూ ఉంటాను" అంటారు. పైగా షుగర్. పొద్దున మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే కళ్ళు తిరగవా మరి? డాక్టర్ గారితో, ఫాదర్ గారితో ఇద్దరితోనూ చెప్పించాక ఒక్కపొద్దు అర్థం కాస్త సడలించారు. ఇప్పుడు పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, రాత్రికి మజ్జిగ. ఇది ఒక్కపొద్దే అని ఆవిడ వాదన. నేను ఎదురు చెప్పను.

కోడలు కేరళ అమ్మాయి, నర్సు. వాళ్ళది సీరో మలబార్ సంప్రదాయం, కేరళ కతోలికుల్లో ఒక శాఖ. తెలంగాణలో వాళ్ళకి ఆదిలాబాద్ మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధి) 1999లోనే ఏర్పడింది, 2017లో శంషాబాద్ కూడా వచ్చింది. మా గుంటూరులో మాత్రం ఆ అమ్మాయి మాతోనే మా గుడికి వస్తుంది. డిసెంబర్ 1 నుంచి క్రిస్మస్ దాకా వాళ్ళకి ఇరవై అయిదు రోజుల నోంబు. మాంసం, చేప, గుడ్డు ముట్టరు. మా కోడలు పాలు కూడా మానేసి నల్ల టీ తాగుతుంది. మన నోము, వాళ్ళ నోంబు ఒక తల్లి బిడ్డలే అని పెళ్ళయిన కొత్తలో పాఠం చెప్పబోయాను. "అమ్మా, నాకు డ్యూటీకి టైమవుతోంది" అని వెళ్ళిపోయింది.

మావారికి, మా అబ్బాయికి ఏ నియమమూ లేదు, వేళకి ఆకలి వేయడం తప్ప. ఆరోవాడు మనవడు, ఎనిమిదేళ్ళు. వాడికి వేరుశెనగ పడదు. పడదంటే కడుపునొప్పీ దురదా కాదు, ఊపిరి ఆడదు.

చిక్కు ఎక్కడుందో ఇప్పుడు చూడండి. మాంసం, గుడ్డు, పాలు తీసేయగానే మన వంటింట్లో ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేది వేరుశెనగే. ఇడ్లీలోకి పల్లీ చట్నీ. గుత్తివంకాయలో పల్లీ నువ్వుల ముద్ద. పులిహోరలో గుప్పెడు గుళ్ళు. ఉపవాసం ఉన్నవాళ్ళకి సాయంత్రం నోట్లో వేసుకోవడానికి ఉడకబెట్టిన కాయలు, పల్లీ చెక్క. పండగ రోజు చికెన్ కూర వండితే వాడి గురించి నాకు బెంగే ఉండదు. నియమంగా, సాత్వికంగా తినే రోజుల్లోనే భయం. పెద్దవాళ్ళ భక్తి ఎంత పెరిగితే పిల్లవాడికి అంత గండం అన్నట్టుంటుంది మా ఇంట్లో.

అందుకని మెల్లగా కొన్ని అలవాట్లు చేసుకున్నాం. మిక్సీ జార్ మూతకి ఎర్ర టేపు చుట్టింది ఒకటుంది, అందులో వేరుశెనగ ఎప్పుడూ పడలేదు, పడదు. అసలు ఇంట్లోకే తేవడం మానేశాం గానీ, చుట్టాలు సంచుల్లో ఊరి కాయలు తెస్తారు కదా, అందుకే ఆ టేపు తీయలేదు. పులిహోరలో శనగపప్పు, మినప్పప్పు కాస్త ఎక్కువ వేసి ఎర్రగా వేయిస్తాను. వంకాయలో ఉల్లికారం, కొబ్బరి కూరుతాను. పుట్నాల పప్పు వాడికి పడుతుందని డాక్టర్ గారు తేల్చారు కాబట్టి చట్నీకి అదే, కానీ విడిగా కొనను. కొట్లో పుట్నాల డబ్బా పక్కనే పల్లీల డబ్బా, రెండింటికీ ఒకటే గరిట. ఆ గరిటని నేను కళ్ళారా చూసిన రోజునుంచి ప్యాకెట్టే.

ఆరుగురూ వంక పెట్టకుండా తినే కూడు ఒకటి కోడలే కనిపెట్టింది. వాళ్ళ కంజీ, పయరూ. ఎర్ర బియ్యం మెత్తగా, పలచగా గంజిలా ఉడికించి, పక్కన పెసలు కొబ్బరీ వెల్లుల్లీ ఎండుమిరపకాయా దంచి వేసిన కూర. పాలు లేవు, గుడ్డు లేదు, వేరుశెనగ లేదు. మొదటిసారి పెట్టినప్పుడు అత్తయ్య గిన్నెలోకి చూసి, "కరువులో తాగాం గంజి, మళ్ళీ నర్సమ్మ చేతిమీదుగా వచ్చిందా" అన్నారు. ఇప్పుడు బుధవారం మధ్యాహ్నం ఆవిడే అడిగి చేయించుకుంటారు, పక్కన మాగాయ ముక్క ఉండాలంతే. కోడలు ఆ మాగాయ వంక చూసి తల కొట్టుకుంటుంది.

ఇక పండగలు. డిసెంబర్ 3 పునీత ఫ్రాన్సిస్ శౌరి (ఫ్రాన్సిస్ జేవియర్) గారి పండుగ. ఆయన చైనా తీరాన 1552లో కన్నుమూశారు, దేహం గోవాలో ఉంది. పేరు మాత్రం మా గుంటూరు పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది, శౌరయ్య, బాలశౌరి, శౌరిరాజు అని. మా నాన్నగారూ శౌరయ్యే. ఆ రోజు గారెలు వండటం పుట్టింటినుంచి తెచ్చుకున్న అలవాటు. ఈసారి అది బుధవారం పడింది, అత్తయ్య ఒక్కపొద్దు. గారెలు మధ్యాహ్నం భోజనంలో కలిపేస్తే ఒక్కపొద్దు చెడదని ముందే ఒప్పించాను. డిసెంబర్ 8 అమలోద్భవ మాత, అంటే మరియ తల్లి, పండుగ సోమవారం, అదృష్టం. ఆ రోజుకి పెసరపప్పు, బెల్లం, కొబ్బరిపాలతో పాయసం. జీడిపప్పు బదులు కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి వేస్తాను, కోడలి గిన్నెలోకి మాత్రం కొబ్బరినూనెలో వేయించినవి. అత్తయ్యకి రెండు చెంచాలు. మూడో చెంచా ఆవిడ ఎలా సంపాదిస్తారో నాకు తెలియదు.

2023లో ఆ మాత పండుగ శుక్రవారం పడింది. అంత పెద్ద పండుగ వచ్చిన శుక్రవారం మాంసం మానక్కర్లేదని చట్టంలోనే ఉంది. కోడి తెచ్చారు మావారు. అత్తయ్య ముట్టలేదు. "చట్టం రాసినవాళ్ళకి చెప్పు, నాకు కాదు" అన్నారు. ఈ ఏడాది క్రిస్మస్ గురువారం, మర్నాడు శుక్రవారం, ఫ్రిజ్ నిండా బిర్యానీ మిగులుతుంది. దాని సంగతి ఫాదర్ గారిని నేను అడగదల్చుకోలేదు. అడిగితే చెప్తారు, చెప్తే పాటించాలి.

అసలు విషయానికి వస్తాను. మన దగ్గర ఆగమన కాలాన్ని ఆగమన కాలంగా ఉండనివ్వని సంబరం ఒకటుంది, సెమీ క్రిస్మస్. బళ్ళలో, ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో డిసెంబర్ మొదటి వారం నుంచే కేక్ కోయడం మొదలు. బళ్ళకి సెలవులిచ్చేలోపు చేయాలి కాబట్టి నాకు దానిమీద పెద్ద కోపమేమీ లేదు, నేనూ బళ్ళో పనిచేసినన్నాళ్ళూ శాంతా తాతలకి గడ్డాలు అంటించినదాన్నే. నిరుడు మావాడి బళ్ళోనూ చేశారు. కాగితం పళ్ళెంలో కేక్ ముక్క, కజ్జికాయ, మిక్చర్. మిక్చర్ పక్కన పెట్టేశాడు. కజ్జికాయ పట్టుకుని, "ఇందులో పల్లీలున్నాయా మేడమ్?" అని అడిగాడట. "లేవు నాన్నా, కొబ్బరే" అని ఆ అమ్మాయి చెప్పింది. అబద్ధం చెప్పలేదు పాపం, ఆ అమ్మాయి చేతిలోని కజ్జికాయలో కొబ్బరే ఉంది. వండించినవాళ్ళు కొబ్బరి చాలక సగం వాటిలో పల్లీ పొడి, బెల్లం కూరారు. చూడటానికి రెండూ ఒకటే.

సగం తిన్నాడు. పది నిమిషాల్లో పెదవులు తేనెటీగ కుట్టినట్టు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతులో పిల్లికూతలు. మా ఇంటికి ఫోన్ వచ్చేసరికి ఎవరో దురద మందు సిరప్ పోశారు. ఊపిరి అందనప్పుడు ఆ సిరప్ చాలదు. ఆస్పత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే వాడి మొహంలోకి రంగు వచ్చింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టవచ్చని చాలా గంటలు అక్కడే ఉంచారు. వాళ్ళమ్మ యూనిఫామ్‌లోనే పక్కన కూర్చుంది. రోజూ అందరి పిల్లలకీ సెలైన్లు పెట్టే మనిషి, ఆ రోజు వాడి చెప్పులు రెండూ ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆ బడిని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దాని తర్వాత జరిగింది చెప్పాలి.

వారం తిరక్కుండా మా వీధిలో ఒకరింటికి వెళ్ళాం. ఆవిడ మంచి మనిషి, పెట్టే చేయి. అంతకుముందు ఏడాది ఇదే పిల్లవాడికి వేరుశెనగ పడదని చెప్తే, "మా రోజుల్లో ఈ అలర్జీలెక్కడివమ్మా, ఒక్కటి తింటే ఏం కాదులే" అని లడ్డూ నోటిదాకా తెచ్చింది. ఈసారీ పళ్ళెం తెచ్చి, "తీసుకో నాన్నా" అంది. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని, "ఉపవాసం అండీ" అన్నాడు. ఆవిడ పళ్ళెం చటుక్కున వెనక్కి తీసుకుంది. తల నిమిరింది. "ఇంత చిన్న వయసులో ఎంత భక్తో" అని మావైపు మెచ్చుకోలుగా చూసింది.

ఇంటికొచ్చాక ఎవరు నేర్పారురా అని అడిగాను. "ఎవరూ లేదు నానమ్మా. అమ్మ నోంబు అంటే ఎవరూ పెట్టరు. తాతమ్మ ఒక్కపొద్దు అంటే ఎవరూ పెట్టరు. నేను అలర్జీ అంటేనే పెడుతున్నారు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం. మన ఊళ్ళో శనివారం ఉపవాసం అనండి, మాలలో ఉన్నాననండి, రంజాన్ రోజా అనండి, నోంబు అనండి, ఏ మతం వాళ్ళయినా వెంటనే పక్కకి తప్పుకుంటారు. ఇంకోసారి అడగరు, అడగడం పాపం అనుకుంటారు. ఎంత మంచి మర్యాద అది! తన ఇష్టంతో తిండి మానుకున్నవాడికి దక్కుతున్న ఆ మర్యాద, తింటే ప్రాణం మీదికి వచ్చేవాడికి ఎందుకు దక్కదు? నోము చెడితే మళ్ళీ పట్టుకోవచ్చు కదా.

మా మతం చట్టమే ఈ తేడా ఎరుగును. ఉపవాసానికి వయసు హద్దులు పెట్టింది, రోగులని బలవంతం చేయదు. దివ్యపూజలో ఇచ్చే సత్ప్రసాదం, అంటే పలచటి అప్పం, గోధుమతోనే చేయాలన్నది గట్టి నియమం. అలాంటి చోట కూడా గోధుమ పడనివాళ్ళ కోసం రోమ్ 2003లో స్పష్టంగా రాసింది. గ్లూటెన్ (గోధుమలో ఉండే మాంసకృత్తు) అతి తక్కువగా ఉన్న అప్పం వాడవచ్చు, అదీ పడకపోతే ద్రాక్షరసం ఒక్కటే తీసుకోవచ్చు అని. 2017లో మరోసారి గుర్తు చేసింది. దేవుడి బల్ల దగ్గరే దారి చూపించారు, కాగితం పళ్ళెం దగ్గర చూపించలేమా?

నా విన్నపాలు పెద్దవేం కావు. సెమీ క్రిస్మస్ చేసే బళ్ళు, క్రిస్మస్ తేనీటి విందు పెట్టే విచారణలు (ఒక్కో గుడి కింది సంఘాలు), ప్రేమ విందు పెట్టే సంఘాలు, వంట మనిషిని అడిగి ఏ వంటకంలో ఏముందో ఒక అట్టముక్క మీద రాసి ముందు నిలబెట్టండి. వేరుశెనగ, జీడిపప్పు, పాలు, గుడ్డు, గోధుమ, చేప, రొయ్య, సోయా, నువ్వులు, వీటిలో ఏవి పడ్డాయో చాలు. ఒకే ఆకారంలో రెండు రకాలు చేయొద్దు. అదే అట్టముక్క నోంబులో ఉన్నవాళ్ళకీ పనికొస్తుంది, కేకులో గుడ్డుందా అని మా కోడలు పదిమందిని అడగక్కర్లేదు.

ప్యాకెట్ల మీద వీటిలో చాలావాటి పేర్లు రాయాలని ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల్లోనే ఉంది. చిన్న అక్షరాలే అయినా మా ఇంట్లో భూతద్దం పెట్టుకుని చదువుతాం. విడిగా అమ్మే మిఠాయిలకే ఆ దిక్కు లేదు. 2020 అక్టోబర్ నుంచి మిఠాయి ట్రేల ముందు ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టమన్నారు కదా, ఆ చీటీ మీదే కింద ఇంకో వరస. పిస్తా తరుగు అని పైన చల్లేది ఆకుపచ్చ రంగు వేసిన పల్లీ అయితే, రంగు సంగతి తర్వాత, పల్లీ అని మాత్రం రాయండి.

ఇళ్ళలో వండేవాళ్ళకి ఒక మాట. ఇప్పుడందరూ గానుగ నూనెకి మళ్ళుతున్నారు. మంచిదే. కానీ బాగా రిఫైన్ చేసిన వేరుశెనగ నూనెలో మాంసకృత్తులు దాదాపు మిగలవు, గానుగలో ఆడించిన దాంట్లో మిగులుతాయి. ప్రాణం మీదికి తెచ్చేవి ఆ మాంసకృత్తులే. అరిసెల్లో పల్లీలు వేయలేదని మీరు నిజాయితీగానే చెప్తారు, నూనె గుర్తుకు రాదు. వేయిస్తే విషం పోతుందనుకుంటారు కొందరు, పోదు. పల్లీలు ఒలిచిన చేతిని శానిటైజర్‌తో తుడిస్తే సరిపోదు, సబ్బూ నీళ్ళూ కావాలి.

మీ పత్రికకి కూడా ఒకటి. ఈసారి కేకుల పక్కన కాస్త చోటిచ్చి ఆ కంజీ పయరు వేయండి. కొలతలు కోడలిని అడిగి పంపిస్తాను. తనకి కొలతలు లేవు, కంటి చూపే, అయినా పంపిస్తాను.

నిరుడు ఆస్పత్రినుంచి వచ్చాక మా ఇంట్లో చేసిన కజ్జికాయలు పళ్ళేల్లో పెట్టి ఇరుగుపొరుగుకి పంపుతూ ప్రతి పళ్ళెంలో చీటీ పెట్టాను. "మైదా, కొబ్బరి, పంచదార, యాలకులు, నెయ్యి. వేరుశెనగ లేదు. నూనె పొద్దుతిరుగుడు." పై ఇంటావిడ చీటీ పట్టుకుని కిందికి దిగొచ్చి, "ఏమిటండీ, వ్యాపారం మొదలుపెట్టారా? కిలో ఎంత?" అని నవ్వింది. సంగతంతా చెప్పాను. ఆవిడే సంక్రాంతికి అరిసెల పళ్ళెం పంపింది. ఆకు కింద నోటుబుక్కు కాగితం మడత పెట్టి ఉంది. "బియ్యం, బెల్లం, నువులు, నెయ్యి. పల్లీలు లెవు. నూనె కూడా పల్లీది కాదు, కొత్త ప్యాకెట్ చించాను" అని. మావాడు కూడబలుక్కుని చదివి, "నానమ్మా, రెండు తప్పులున్నాయి" అన్నాడు. నేను దిద్దలేదు. వాడు అరిసె చేతిలోకి తీసుకున్నాడు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
గుంటూరు